నాల్‌బంద్ పనితనం ఐదో వారంలో తెలుస్తుంది

గుర్రం కొన్నవాళ్లు జీను ఎక్కడ దొరుకుతుంది, దాణా ఏం పెట్టాలి అని పదిమందినీ వాకబు చేస్తారు. లాడాలు కొట్టే మనిషి విషయానికి వచ్చేసరికి సైస్, అంటే గుర్రాన్ని చూసుకునే పనివాడు, ఎవర్ని పిలుచుకొస్తే వాళ్లే. హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌసుల్లో గుర్రాలు పెంచుకునేవాళ్లలో చాలామంది పద్ధతి ఇదే. ఆ మనిషిని లాయాల్లో నాల్‌బంద్ అంటారు, రేస్‌కోర్సులో ఫారియర్ అంటారు. ఐదారు వారాలకోసారి వచ్చి, గంటా గంటన్నరలో పని ముగించి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఐదారు వారాలపాటు గుర్రం వేసే ప్రతి అడుగూ అతను చేసి వెళ్లిన పని మీదే పడుతుంది.

ఇక్కడ చిక్కేమిటంటే, పని బాగా చేశాడో లేదో చేసిన రోజున తెలియదు. గిట్ట గోడ, అంటే చుట్టూ ఉండే గట్టి గోరు, నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పైన వెంట్రుకల అంచు దగ్గర పుట్టిన గోరు ముందు కొసకు చేరడానికి ఇంచుమించు ఏడాది పడుతుంది. అంత నిదానంగా మారే చోట, ఈ రోజు చేసిన పొరపాటు బయటపడేది నెలల తర్వాతే. పైగా కొన్ని తప్పుడు పనులు చేసిన రోజున మంచి పని కంటే చక్కగా కనిపిస్తాయి. కాబట్టి నాల్‌బంద్‌ని ఎంచుకోవడమంటే, మన కంటికి ఏది నచ్చిందో దాన్ని కాస్త పక్కన పెట్టి, వేరే గుర్తులు చూడటం నేర్చుకోవడమే.

కాగితాలు చూసి నమ్ముదామంటే మన దేశంలో ఆ వీలు లేదు. పశువైద్యుడికి 1984 నాటి చట్టం ఉంది, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. లాడాలు కొట్టేవాడికి అలాంటిదేమీ లేదు. సుత్తి, పట్కారు, ఆకురాయి ఉన్న ఎవరైనా నాల్‌బందే. బ్రిటన్‌లో సంగతి వేరు. లండన్‌లో ఫారియర్ల సంఘం 1356 నుంచి ఉంది. 1975లో వచ్చిన చట్టం ప్రకారం, రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లు అక్కడ గుర్రానికి లాడం కొట్టడం నేరం. అయితే లాడం లేకుండా గిట్ట చెక్కడం మాత్రమే చేసేవాళ్లు ఆ చట్టం కిందికి రారు, ఇది అక్కడ స్థిరపడిన మనవాళ్లు గుర్తుంచుకోవాలి. అమెరికాలో లైసెన్సు తప్పనిసరి కాదు. అక్కడి ఫారియర్ల సంఘం పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇస్తుంది కానీ, ఆ పరీక్ష రాయడం రాయకపోవడం వాళ్ల ఇష్టం.

మన దగ్గర శిక్షణ ఉన్నవాళ్లు అసలే లేరని కాదు. సైన్యంలో గుర్రాలు, కంచరగాడిదల బాగోగులు చూసే రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్‌కు మీరట్‌లో కేంద్రం ఉంది, అక్కడ ఈ పనిని పద్ధతిగా నేర్పుతారు. అలా నేర్చుకుని రిటైరైనవాళ్లు కొందరు బయట పనిచేస్తుంటారు. మలక్‌పేట రేస్‌కోర్సు, హైదరాబాద్ పోలీసుల గుర్రాల విభాగం, జాతీయ పోలీసు అకాడమీ లాంటి చోట్ల గుర్రాలు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి, లాడాల పని తెలిసిన మనుషుల ఆచూకీ ముందు అడగాల్సింది అక్కడే. మిగతావాళ్లలో ఎక్కువమంది తండ్రి దగ్గరో మేనమామ దగ్గరో చూసి నేర్చుకున్నవాళ్లు. వాళ్లలో సర్టిఫికెట్ ఉన్నవాళ్లను మించిన పనిమంతులు ఉంటారు. తాత చేసిన తప్పునే మూడు తరాలుగా శ్రద్ధగా చేస్తున్నవాళ్లూ ఉంటారు.

ఒక మాట విడిగా చెప్పాలి. ఎడ్లకు లాడాలు కొట్టే మనిషి ఊళ్లో ఉన్నాడు కదా, అతన్నే పిలుద్దామని కొందరు అనుకుంటారు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది, ఒక్కో కాలికి రెండు ముక్కల లాడం వేస్తారు, ఎద్దును తాళ్లతో కట్టి పడుకోబెట్టి కొడతారు. గుర్రం గిట్ట ఒక్కటే, లోపలి ఎముక అమరిక వేరు, పని నిలబెట్టే చేయాలి. ఎడ్ల దగ్గర ఎంత గొప్ప చేయి అయినా గుర్రం దగ్గర కొత్త చేయే.

మేకు వెళ్లే దారి

నాల్‌బంద్‌ని అంచనా వేయాలంటే గిట్ట గురించి కొంచెమైనా తెలిసి ఉండాలి. కాలు ఎత్తి అడుగు చూస్తే, చుట్టూ గట్టి గోడ, దాని లోపల కాస్త గుంటగా అరికాలు, మధ్యలో వెనక నుంచి ముందుకు సన్నబడుతూ వచ్చే త్రికోణం లాంటి మెత్తటి భాగం కనిపిస్తాయి. ఆ మెత్తటి భాగాన్ని ఫ్రాగ్ అంటారు. గోడ, అరికాలు కలిసేచోట లేత పసుపు రంగులో సన్నటి గీత ఉంటుంది, అది వైట్ లైన్. గీతకు బయట ఉన్న గోడ మన గోరు కొస లాంటిదే, నొప్పి తెలియదు. గీతకు లోపలంతా నరం, నెత్తురు. గోడ మందం ముందు కొస దగ్గర సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది, పక్కలకు వచ్చేసరికి ఇంకా పలచబడుతుంది. మేకు దిగాల్సింది ఆ కాస్త మందంలోనే.

లాడం మేకు మామూలు మేకులా ఉండదు. పలకగా ఉంటుంది, కొన దగ్గర ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఆ ఏటవాలు గిట్ట లోపలివైపు ఉండేలా పెట్టి కొడితే మేకు బయటివైపు వంగుతూ పోయి, గోడ ఎత్తులో సుమారు మూడోవంతు దగ్గర బయటికి వస్తుంది. తిరగేసి కొడితే నేరుగా మాంసంలోకి దిగుతుంది. చీకట్లో కూడా పొరపాటు జరగకూడదని మేకు తల మీద ఒకవైపు గుర్తు వేసి ఉంటుంది, ఆ వైపు ఎప్పుడూ లోపలికే ఉండాలి. మంచి పనివాడు ప్రతి మేకునూ పెట్టేముందు బొటనవేలితో ఆ గుర్తును తడిమి చూసుకుంటాడు. కొట్టేటప్పుడు చెవి కూడా పెడతాడు. మేకు గట్టి గోడలో దిగుతుంటే సుత్తి దెబ్బకు ఖంగుమనే శబ్దం వస్తుంది. మెత్తగా, మొద్దుగా వినిపించిందంటే దారి తప్పినట్టే, వెంటనే ఆపి మేకు లాగేస్తాడు. అతను పనిచేస్తున్నప్పుడు ఫోన్‌లో పాటలు పెట్టుకుని ఉంటే నాకైతే అనుమానమే.

బరువు పడ్డప్పుడల్లా గిట్ట వెనక భాగం, అంటే మడమలు, కొద్దిగా విచ్చుకుని మళ్లీ దగ్గరవుతాయి. అందుకే గిట్ట బాగా వెడల్పుగా ఉన్న చోటు దాటి వెనక్కి మేకులు కొట్టకూడదు. కొడితే మడమలు బిగుసుకుపోతాయి, కాలక్రమంలో ఇరుకవుతాయి. దీన్ని కనిపెట్టడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. పాత లాడం ఊడదీశాక దాన్ని పారేయనివ్వకుండా అడిగి తీసుకోండి. నేలకు తగిలే వైపు కాదు, గిట్టకు ఆనుకునే వైపు చూడండి. వెనక రెండు కొమ్మల మీద సన్నటి గాడి, రుద్దినట్టు మెరుపు కనిపిస్తాయి. ఐదారు వారాలపాటు మడమలు ఆ ఇనుము మీద కదలడం వల్ల పడ్డ గుర్తు అది. ఆ మెరుపు బొత్తిగా లేకపోతే మడమ కదిలిందా అని అడగాల్సిందే. ఇక లాడాన్ని తిరగేసి కింది వైపు చూస్తే, ఏ పక్క ఎక్కువ అరిగిందో అది గుర్రం అడుగు ఎలా వేస్తోందో చెబుతుంది. మీరు అడగకముందే ఈ రెండూ చూసి నోరు విప్పే నాల్‌బంద్ దొరికాడంటే సగం వెతుకులాట అయిపోయినట్టే.

‘ఒక్క లాడమూ ఊడలేదు’ అనే మాట

యజమానులు నాల్‌బంద్‌ని మెచ్చుకునే మాటలు రెండే రెండు. గిట్ట నున్నగా, అందంగా చేశాడని ఒకటి. లాడం కొట్టి రెండు నెలలైనా ఊడలేదని రెండోది. ఈ రెండూ మనల్ని పక్కదారి పట్టించే కొలతలే.

మొదటిది చూద్దాం. లాడాన్ని గిట్టకు తగ్గట్టు మలచాలి. కొలిమిలో కాల్చి మలచినా, చల్లగా ఉన్నప్పుడే దాగలి మీద కొట్టి మలచినా పర్వాలేదు, చివరికి ఆకారం కుదిరిందా లేదా అన్నదే లెక్క. కానీ అది శ్రమ, సమయం పట్టే పని. దానికి అడ్డదారి, చేతికి దొరికిన రెడీమేడ్ లాడం కొట్టేసి, దాని బయటికి వచ్చిన గిట్టనంతా ఆకురాయితో రాసిపారేయడం. చూడ్డానికి ఎక్కడా ఎచ్చుతగ్గులు లేకుండా ముచ్చటగా ఉంటుంది. కానీ గోడ పలచబడుతుంది, తర్వాతిసారి మేకుకు చోటు తగ్గుతుంది, పైపొర పోయి గిట్ట ఎండిపోతుంది. రేసుల నుంచి వచ్చిన థరోబ్రెడ్ గుర్రాల్లో చాలావాటికి గోడ అసలే పలచన, వాటికి ఇది మరీ చేటు.

రెండోది ఇంకా మోసం. లాడం మడమ చివరిదాకా ఆసరా ఇవ్వాలి. అలా ఇస్తే, గుర్రం వెనక కాలు వచ్చి ముందు కాలి లాడాన్ని తొక్కి లాగేసే ప్రమాదం కాస్త ఉంటుంది. ఈ తలనొప్పి లేకుండా లాడాన్ని పొట్టిగా, బిగువుగా వేస్తే అది ఊడదు. యజమాని సంతోషిస్తాడు. మడమకు మాత్రం ఆసరా పోతుంది, అది నెమ్మదిగా ముందుకు వాలి నలిగిపోతుంది. అప్పుడప్పుడూ ఒక లాడం ఊడటం అన్నిసార్లూ నాల్‌బంద్ తప్పు కాదు. బురదలో పరుగెత్తించినా ఊడుతుంది, మనం గడువు దాటబెట్టినా ఊడుతుంది. ‘నేను కొడితే ఊడదు, గ్యారంటీ’ అనేవాడి దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండటం మంచిది.

గడువు సంగతి కూడా ఇందులోనే ఉంది. లాడం ఉన్న గిట్ట అరగదు, పెరుగుతూనే ఉంటుంది. ముందు కొస సాగి, మడమలు కిందికి వాలి, కాలి వెనక స్నాయువుల మీద భారం పెరుగుతుంది. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలకు లాడం తీసి, గిట్ట చెక్కి, మళ్లీ కొట్టాలి. అరగని పాత లాడాన్నే తిరిగి వాడొచ్చు, అందులో తప్పు లేదు. రెండు నెలలు గడిపేస్తే డబ్బు మిగిలిందనిపిస్తుంది కానీ అది మిగులు కాదు.

అందుకని, ఎవరైనా ఒక నాల్‌బంద్ పేరు చెబితే అతను నిన్న లాడాలు కొట్టిన గుర్రాన్ని చూడ్డానికి వెళ్లకండి. నిన్న చేసిన పని ఎవరిదైనా బాగానే ఉంటుంది. ఐదో వారంలో ఉన్న గుర్రాన్ని చూడండి. అప్పటికి ఆకురాయి మెరుపు పోయి ఉంటుంది. గోడ మీద మడిచిన మేకు కొనలు ఇంకా ఒకే వరుసలో, గట్టిగా ఉన్నాయా, మేకు చుట్టూ పగుళ్లు వచ్చాయా, లాడం జరిగిందా, మడమ లాడం దాటి బయటికి వేలాడుతోందా అన్నవి అప్పుడే కనిపిస్తాయి. పక్క నుంచి చూస్తే గిట్ట ముందు వాలు, దాని పై కాలి వాలు ఒకే గీతలో ఉండాలి. మధ్యలో విరిగినట్టు ఉంటే కారణం అడగాలి. ఒకే చేతి కింద ఏడాదికి పైగా ఉన్న రెండు మూడు గుర్రాల్ని ఇలా చూస్తే, ఏ సిఫారసూ చెప్పనంత సంగతి తెలుస్తుంది.

మొదటిసారి వచ్చినప్పుడు

పిలిచిన రోజు మీరు దగ్గరుండాలి. సైస్‌కి అప్పజెప్పి ఆఫీసుకు వెళ్లిపోతే ఇంక చేసేదేమీ లేదు. రాగానే కాలు ఎత్తేసేవాడు వేరు, ముందు గుర్రాన్ని గట్టి నేల మీద నాలుగడుగులు నడిపించమని, ముందు నుంచీ వెనక నుంచీ పక్క నుంచీ చూసేవాడు వేరు. పని అయ్యాక మళ్లీ నడిపించి చూస్తాడా లేదా అన్నది కూడా గమనించండి. మన దగ్గర చాలాచోట్ల ఒకరు కాలు పట్టుకుంటే ఇంకొకరు లాడం కొడతారు, ఒక్కడే మోకాళ్ల మధ్య కాలు పెట్టుకుని పనిచేసే విలాయతీ పద్ధతి తక్కువ. రెండూ ఫర్వాలేదు. కాలు పట్టుకున్న కుర్రాడు దాన్ని పక్కకు మెలిపెట్టి ఎత్తుతున్నాడా అన్నదే చూడాల్సింది. గుర్రం గుంజుకుంటే దానికి నొప్పి ఉందేమో, భయమేమో అని ఒక్క క్షణం ఆగి చూసేవాడు కావాలి. ఆకురాయితో పొట్ట మీద బాదేవాడు ఎంత పనిమంతుడైనా మీ లాయంలోకి రావద్దు. ఒకసారి దెబ్బ తిన్న గుర్రం ఆ తర్వాత ఎవరికీ కాలు ఇవ్వదు.

ఎన్నేళ్ల అనుభవం అని అడగడం వల్ల పెద్దగా లాభం లేదు, అందరూ ఇరవై అంటారు. దాని బదులు, ‘ఉస్తాద్, ఈ ముందు కాలు చూస్తే మీకేమనిపిస్తోంది?’ అని అడిగి ఊరుకోండి. రెండు ముందు గిట్టలూ అచ్చంగా ఒకేలా ఉన్న గుర్రాలు తక్కువ. తేడా చూపించి, దాన్ని ఎంతవరకు సరిచేయొచ్చో, ఎక్కడ ఆగాలో చెప్పగలిగితే మాట వినదగ్గ మనిషి. అసలు లాడం అవసరమా అని కూడా అడగండి. మార్వాడీ, కాఠియావాడీ జాతుల గుర్రాల గిట్టలు గట్టివని పేరు. మెత్తటి ఇసుక అరేనాలో తిరిగే అలాంటి గుర్రాలు కొన్నిటికి గిట్టలు పద్ధతిగా చెక్కితే చాలు. తారు రోడ్డు మీద పెళ్లి ఊరేగింపులకు తిరిగే గుర్రానికి ఆ మాట చెల్లదు. లాడం మీద బతికే మనిషి ‘దీనికి లాడం అక్కర్లేదు సార్’ అన్నాడంటే అతని నంబరు దాచుకోండి. అలాగే, లాడమంటేనే పాపం అని ఇంటర్నెట్‌లో దొరికే వాదనను ఏ గుర్రానికైనా అంటగట్టేవాళ్లతోనూ అంతే జాగ్రత్త అవసరం.

మేకు గుచ్చుకున్న రోజు

నమ్మకం తేలేది ఇక్కడ. ఎంత చేయి తిరిగినవాడికైనా ఎప్పుడో ఒకసారి మేకు లోపలికి దిగుతుంది. గోడ పలచగా ఉన్నా దిగుతుంది, గుర్రం సరిగ్గా ఆ క్షణంలో కాలు గుంజినా దిగుతుంది. గుర్రం ఉలిక్కిపడుతుంది. మంచి నాల్‌బంద్ మేకు లాగి దాని కొన చూస్తాడు. తడిగానో నెత్తురుగానో ఉంటే ఆ రంధ్రాన్ని అయోడిన్ లాంటి మందుతో కడిగి, మళ్లీ అందులో మేకు కొట్టకుండా ఖాళీగా వదిలేస్తాడు. ఆ విషయం మీకు చెప్తాడు, ఏ కాలు, ఏ మేకు అన్నది కూడా. ఎందుకంటే గుర్రాలకు ధనుర్వాతం చాలా తేలిగ్గా పట్టుకుంటుంది, పడితే బతకడం కష్టం. టీకా ఎప్పుడు వేయించారో చూసుకుని, ఆ రోజే డాక్టర్‌తో మాట్లాడాలి. చెడ్డవాడు మేకు లాగి, చొక్కాకు తుడిచి, కాస్త పక్కకు జరిపి మళ్లీ కొట్టేసి, ఏమీ జరగనట్టు వెళ్లిపోతాడు. నాలుగు రోజుల తర్వాత గుర్రం ఆ కాలు కింద పెట్టలేక మూడు కాళ్ల మీద నిలబడుతుంది, అప్పటికి లోపల చీము పట్టి ఉంటుంది.

గుచ్చుకోకుండానే, మేకు మరీ లోపలికి దగ్గరగా వెళ్లి నొక్కుతున్నా కుంటు వస్తుంది. అది వెంటనే కాకుండా ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. గిట్ట మీద చేయి పెడితే మిగతా కాళ్ల కంటే వేడిగా ఉంటుంది, గిట్టకు పైన కాలి వెనక వేలు ఆనిస్తే నాడి గట్టిగా కొట్టుకుంటూ తెలుస్తుంది. అలాంటప్పుడు ఫోన్ చేస్తే వచ్చి, ఒక్కో మేకునూ తట్టి చూసి, నొప్పి ఉన్నదాన్ని తీసేసి వెళ్లేవాడే మీ మనిషి. ఫోన్ ఎత్తనివాడు ఎంత చవగ్గా కొట్టినా వద్దు. ఇక్కడ యజమానుల వైపు నుంచి ఒక తప్పు జరుగుతుంటుంది. నిజం ఒప్పుకున్న మనిషిని నలుగురి ముందు తిట్టి, డబ్బులు కోసేస్తారు. ఆ తర్వాత అతను ఎప్పుడూ నిజం చెప్పడు, ఇంకో లాయంలో కూడా చెప్పడు.

ఏం పని నాల్‌బంద్‌ది, ఏం పని డాక్టర్‌ది అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. లామినైటిస్ లాంటి జబ్బులో గిట్ట లోపలి ఎముక పట్టు సడలి కిందికి తిరుగుతుంది. అప్పుడు ఎక్స్‌రే చూడకుండా గిట్ట చెక్కడం గుడ్డిపని. రోగమేమిటో డాక్టర్ చెప్పాలి, దానికి తగ్గ లాడం ఎలా అమర్చాలో నాల్‌బంద్ చూసుకోవాలి, ఇద్దరూ కలిసి మాట్లాడుకోవాలి. ‘డాక్టర్లకేం తెలుసు, నా లాడంతో కుంటు పోతుంది’ అనేవాడిని అక్కడే ఆపేయండి. మన జిల్లాల్లో పశువైద్యులు రోజూ చూసేది ఆవులు, గేదెలు, గొర్రెలే కాబట్టి గుర్రాల అనుభవం ఉన్నవాళ్లు దొరకడం కష్టమే. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో అడిగితే దారి దొరకొచ్చు. అలా దొరికిన డాక్టర్‌నే నాల్‌బంద్ గురించీ అడగడం తెలివైన పని, ఎవరు కొట్టిన గుర్రాలు తన దగ్గరికి కుంటుతూ వస్తున్నాయో ఆయనకు తెలుసు.

మన వైపు నుంచి కూడా కొన్ని ఉంటాయి. గిట్టలు బురద లేకుండా కడిగి, ఆరబెట్టి ఉంచాలి. నీడ, వెలుతురు, సమంగా ఉన్న గట్టి నేల కావాలి. గుర్రాన్ని పట్టుకోవడానికి దానికి అలవాటైన మనిషి ఉండాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో, జారే బండల మీద, ఈగలతో తన్నుకుంటున్న గుర్రాన్ని చూపించి చక్కటి పని ఆశించడం అన్యాయం. వచ్చే తేదీ అతను వెళ్లేలోపే ఖాయం చేసుకుంటే గడువు తప్పదు. వానాకాలంలో గిట్ట నాని మెత్తబడి మేకు పట్టు వదులుతుంది, ఫ్రాగ్ పక్క గాళ్లలో నల్లగా, కుళ్లు వాసనతో థ్రష్ అనే గిట్ట జబ్బు పడుతుంది. ఆ నెలల్లో గడువు ఓ వారం తగ్గించుకోవడం మేలు.

ఇవన్నీ చూశాక కూడా మార్చాల్సి వస్తే, కోపంలో మార్చకండి. కొత్తగా వచ్చిన ప్రతివాడూ పాతవాడిని తిడతాడు, అది లెక్కలోకి తీసుకోవాల్సిన మాట కాదు. మొదటి రోజే సాగిన కొసనంతా కోసేసి ఒక్కసారిలో సరిచేస్తానంటే ఒప్పుకోవద్దు, అరికాలు పలచబడి గుర్రం రాళ్ల మీద అడుగు వేయలేదు. పాతవాడి మేకు రంధ్రాలు కిందికి దిగి కోతలో పోవడానికే నెలలు పడుతుంది, కాబట్టి కొత్తవాడికి కనీసం మూడు నాలుగు విడతలైనా ఇవ్వాలి. ప్రతి విడతకీ ముందూ తర్వాతా ఫోన్‌ను నేల మీద ఆనించి, నాలుగు గిట్టలకూ పక్క నుంచీ ముందు నుంచీ ఫొటోలు తీసి, తేదీతో దాచండి. కొత్త మనిషి వచ్చిన రోజు ఆ ఫొటోలు, ఊడదీసిన పాత లాడాలు అతని ముందు పెట్టి, కత్తి పట్టకముందు ఏమంటాడో వినండి.